శుక్రవారం పద్దు

నవంబరులో మా ఊళ్లో మూడున్నర దాటితే చీకటే.
ఓర్‌హూస్ రేవులో క్రేన్ల మీద దీపాలు వెలిగే వేళకి
ఆఫీసులో ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుంది.
"శుక్రవారం!" అని ఎవరో అరుస్తారు,
ఎప్పుడో తప్పిపోయిన మనిషి కనబడ్డట్టు.

నేను లెక్కలు రాస్తాను.
ఓడల గాలిపంకాలు చేసే ఈ కంపెనీలో
ఇరవై రెండేళ్లుగా చిట్టా ఆవర్జా నావే.
బీరు బిల్లు 'సిబ్బంది సంక్షేమం' కింద వెయ్యమన్నాడు ప్రేబెన్.
వేశాను.
ఆ పద్దులోనే కళ్లజోళ్లు, నడుంనొప్పి కుర్చీలు,
ఒకే ఒక్కసారి పూలు,
స్టోర్సులో పనిచేసిన ఎల్సెబెట్ అంత్యక్రియలకి.

సంతకాలు పై అంతస్తులో,
నిర్ణయాలు ఫ్రిజ్ పక్కన.
నార్వే పడవల పని ఎవరికివ్వాలో
మూడో సీసా దగ్గర తేలిపోయింది.
నాలుగున్నరకి పిల్లాణ్ణి తెచ్చుకోవడానికి పరుగెత్తిన సిల్యేకి
సోమవారం తెలిసింది.
"అప్పుడు నువ్వు లేవుగా" అన్నారు,
వానలో తడిసొచ్చినవాళ్లతో
గొడుగు తెచ్చుకోవాల్సింది అన్నట్టు.

తాగమని ఎవరూ బలవంతపెట్టరు.
ఆ మాట ఒట్టేసి చెప్పగలను.
వట్టి చేతులతో నిలబడితే మాత్రం
"ఒంట్లో బాలేదా?" అని అడుగుతారు,
ఎంతో ప్రేమగా,
ఒకరి తర్వాత ఒకరు.

వేసవి సెలవుల తర్వాత అస్గేర్ వచ్చాడు,
రెక్కల బొమ్మలు గీసే అస్గేర్.
నా గది గుమ్మంలోనే ఆగాడు.
"ఒక పెట్టె వేరే తెప్పిస్తావా? మత్తు లేనిది.
సీసా మాత్రం అచ్చం ఆ సీసాలాగే ఉండాలి."
ఎందుకని అడగలేదు.
అడక్కపోవడానిక్కూడా నాకు జీతమిస్తారు.

పెట్టెలో ఇరవైనాలుగు.
మనిషి శుక్రవారానికి మూడు తాగుతాడు.
ఎనిమిది వారాలు రావాలి.
మూడు వారాలకే అయిపోయింది.

రెండు పెట్టెలు తెప్పించాను.
నాలుగు వారాలకి అడుగున అట్ట కనిపించింది.
కాగితం తీసి తీసివేతలు చేశాను.
వారానికి పన్నెండు,
అస్గేర్ మూడూ పోను తొమ్మిది.
అంటే ఇంకో ముగ్గురు.

రెండు సీసాలకీ తేడా
చీటీ అంచున సన్నటి నీలిగీత, అంతే.
అప్పట్నుంచి మొహాలు చూడ్డం మానేసి
బొటనవేళ్లు చూడ్డం మొదలుపెట్టాను.
అందరికంటే గట్టిగా "స్కోల్!" అని
పైకప్పు అదిరేలా నవ్వే క్నూద్ బొటనవేలు
సరిగ్గా ఆ గీత మీదే ఉంది.
కొత్త కుర్రాడు ఐవిన్ సీసాని చొక్కా చేతిలోకి లాక్కుని పట్టుకుంటాడు,
చలికి కాబోలు అనుకున్నాన్నాళ్లూ.
నాలుగో మనిషి అంతుచిక్కలేదు.
ఒక సోమవారం పొద్దున్నే
ప్రేబెన్ కిటికీ గట్టు మీద
చీటీ చింపి చుట్టిన ఉండలు కనిపించాయి,
ఒత్తుల్లా సన్నగా, నీలంగా.

అందరికీ ఒక మాట చెప్పేస్తే పోయేది.
చెప్పలేదు.
ఎవరి గుట్టు వాళ్లది.
పైగా ఏమని చెప్పను?
మొహమాటానికి మా లెక్కల్లో పద్దు లేదు,
ఉండుంటే
అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే అయ్యేది.

నవ్వొచ్చేదేమిటంటే
ఇన్నేళ్లూ నా చేతిలోది అసలు బీరే.
నాకది చేదు.
వాళ్లంతా తాగుతున్నారని తాగాను,
ఎదురుగాలిలో సైకిలు తూలుతుంటే
గాలినే తిట్టుకుంటూ ఇంటికెళ్లాను.

డిసెంబరుకి మూడు పెట్టెలు రాశాను.
సంక్షేమం కిందే.
ఈ శుక్రవారం
ఫ్రిజ్ ముందు వంగి, కింది అరలోకి చెయ్యి పెట్టాను.
వెనక ప్రేబెన్ నిలబడి ఉన్నాడు.
నేను తీసిందేదో చూశాడు.
ఏమీ అనలేదు.
మూత తీసే చెంచా నా చేతికిచ్చి,
నాకోటి అందించు, అన్నాడు,
ఏది అని చెప్పకుండా.